పలకరాని పేరు

పొయ్యి మీద చేమదుంపలు మాడుతున్నాయి. ఆ వాసన పెరట్లో కోళ్లకి కూడా తెలిసిపోయింది. బోయిలా మాత్రం కదలలేదు. వంటపాకలో గోడవైపు తిరిగి, కూతురికి వీపు చూపిస్తూ కూర్చుంది.

చివరికి కుండ దించింది సివోనాయే. అడుగంటిన దుంపలు గీకి పందికి వేసి, మిగిలినవి ఆకులో పెట్టి తల్లి పక్కన ఉంచింది. తల్లి ఆ ఆకుని వేలితో దూరంగా నెట్టింది.

“తిండి మీద అలిగితే ఎవరికమ్మా నష్టం?” అంది సివోనా.

“నేను అలగలేదు. తను నన్ను ఏం అడిగిందో దానికి అర్థమయ్యేదాకా దాని చేతి కూడు తిననని గుంజతో చెబుతున్నాను.”

పాక నడుమ ఉన్న గుంజతో మాట్లాడడం బోయిలాకి కొత్త కాదు. అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడకూడదు. అల్లుడు ఎదురైతే ముఖం మీద గుడ్డ కప్పుకోవాలి. అందుకని కూతురి పెళ్లయిన నాటి నుంచీ అల్లుడికి చెప్పవలసిందంతా ఆవిడ ఆ గుంజకే చెబుతోంది. వల చిరిగిందనీ, వాన వచ్చేలా ఉందనీ, పడవకి జిగురు పట్టించమనీ. అల్లుడు గోడ అవతల కూర్చుని విని, జవాబు కూడా గుంజకే చెప్పేవాడు. ఆ గుంజకి ఉన్న మర్యాద సంబే గ్రామంలో ఇంకే మనిషికీ లేదు.

కూతురి మీద కోపం వచ్చి గుంజని పిలవడం మాత్రం ఇదే మొదటిసారి.

సివోనా అడిగింది చిన్న మాటే. రేపు ఓటు వెయ్యడానికి వెళ్లినప్పుడు తన భర్త పేరు చెప్పమంది.

కెలూవా దీవులకి ఇవే మొదటి ఎన్నికలు. వచ్చే ఏడు దొరల జెండా దిగిపోతుంది. దిగేలోగా శాసనసభ ఏర్పడాలి. కొండల్లో తుపాకులు ఇంకా మోగుతూనే ఉన్నాయి. పరాయి జెండా కింద జరిగే ఎన్నిక తమకి వద్దని కొండదళం కబురు పంపింది. సిరా అంటిన వేలు కనిపిస్తే నరుకుతామని కూడా అంది. అయినా సంబే జనం పెద్దగా జంకలేదు. వాళ్ల చిక్కు వేరే చోటి నుంచి వచ్చింది.

అభ్యర్థుల బొమ్మలు అచ్చేసిన కాగితాలు తెస్తున్న పడవని కొండదళం రేవు బయటే తగలబెట్టింది. ఇక చదువు రానివాళ్లు ఓటు వేసేదెలా? జిల్లా అధికారి హార్విల్ దొర నిన్న రేవుకి వచ్చి ప్రకటించాడు. ఓటరు తనకి కావలసిన మనిషి పేరు గుమాస్తా చెవిలో చెప్పాలి. తన నోటితో తనే చెప్పాలి. గుమాస్తా పేర్లు అందించకూడదు. తల ఊపితే చెల్లదు, వేలు చూపిస్తే చెల్లదు.

సంబేలో సగానికి పైగా బోయిలా వంశం వాళ్లే. పోటీ చేస్తున్న సివోనా భర్త జోరమ్ కెవా ఆ వంశం మొత్తానికి అల్లుడు. అల్లుడి పేరు అతని భార్య తప్ప వంశంలో ఎవరూ పలకరు.

పలికితే వచ్చేది పాపమే అయితే ఏ పాదిరీ కాళ్లో పట్టుకుని కడిగేసుకునేవారు. అది పాపం కాదు, తీర్పు. అత్త నోట అల్లుడి పేరు వచ్చిందంటే పెళ్లి చాప చిరిగిపోయినట్టే. ఇక్కడ పెళ్లి తెంచడానికి కోర్టూ లేదు, పెద్దమనుషులూ లేరు. ఆ పేరు ఒక్కటే ఉంది. చిరిగిన చాపని మళ్లీ ఎవరూ నెయ్యరు.

*

ఎండ వాలుతుండగా తాగిరో వచ్చాడు. బోయిలాకి అన్న, వంశానికి పెద్ద. దవడలో వక్క, చంకలో సున్నం బుర్ర. దొరతో మాట్లాడి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

ఇంటిపేరు చెబితే సరిపోతుందా అని అడిగాడట. సరిపోదు, పూర్తి పేరు కావాలన్నాడట దొర. పోనీ “బోయిలా గారి అల్లుడు” అంటే రాసుకుంటారా అని అడిగాడట. దొర కొంచెం మెత్తబడ్డాడు గానీ పక్కనే ఉన్న ఎదుటి అభ్యర్థి గాతు మనుషులు ఒప్పుకోలేదు. బోయిలాకి రేపు ఇంకో అల్లుడు వస్తే ఆ ఓట్లు ఎవరివని అడిగారు. దొర నవ్వి వాళ్ల మాటే ఖాయం చేశాడు.

“అయినా నాకొకటి తోచింది,” అన్నాడు తాగిరో చెల్లెలి పక్కన చతికిలబడి. “గుసగుస అంటే ఏమిటి? శబ్దం లేని మాట. శబ్దమే లేనప్పుడు అది మాట ఎలా అవుతుంది? పైగా ఆ గుమాస్తా మన దీవివాడు కాడు. వాడి చెవిలో చెప్పినా బావిలో చెప్పినా ఒకటే.”

“మీ పక్కింటివాడి పందిని చప్పుడు కాకుండా కోసుకు తింటే అది దొంగతనం కాదా అన్నయ్యా?”

“అది చప్పుడు కాకుండా ఊరుకుంటుందా? పంది సంగతి వదిలెయ్యి. నువ్వు చెప్పావని ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది,” అంది బోయిలా. “ఎల్లుండి ఆ మనిషి వాకిట్లో ఎదురుపడితే నేను ముఖం కప్పుకోవాలా, వద్దా? కప్పుకుంటే అబద్ధం. కప్పుకోకపోతే ఊరంతటికీ తెలిసిపోతుంది. ఏది చెయ్యమంటావు?”

తాగిరో చాలాసేపు వక్క నమిలాడు. చివరికి బయటికి ఉమ్మి వచ్చి, “అయితే గాతు గెలుస్తాడు,” అన్నాడు.



గాతు ఎండుకొబ్బరి వ్యాపారి. రేవులో గోదాములన్నీ అతనివే. కొండల్లో అతని సరుకు రెండుసార్లు తగలబడింది. గెలిచినవాడు సంధి మాటలకి కూర్చోవాలి. తను కూర్చుంటే కొండదళంలో ఒక్కడికీ క్షమాపణ ఉండదని, కనిపించినవాణ్ణి కనిపించిన చోటే కాల్పిస్తానని గాతు ప్రతి సభలోనూ చెబుతున్నాడు. తుపాకి కింద పెట్టినవాళ్లు ఏ శిక్షా లేకుండా ఇంటికి రావచ్చని జోరమ్ చెబుతున్నాడు.

బోయిలా కొడుకు మేసెక్ కిందటి వానల్లో కొండకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు తల్లితో వల ఆరేసి వస్తానన్నాడు. ఆ వల ఇంకా చూరుకి వేలాడుతోంది. దాన్ని తియ్యడానికి బోయిలా ఎవరినీ ఒప్పుకోలేదు.

“నీ ఓటు ఒక్కటే అయితే నేను నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాను,” అన్నాడు తాగిరో గొంతు తగ్గించి. “నువ్వు పలకకపోతే మేమెవరం పలకలేం. నువ్వు పలికితే అతను మనకి అల్లుడే కాడు. మాకందరికీ నోరొస్తుంది. వంశంలో పెద్ద ఆడదానివి, వరసలో మొదట నిలబడేదానివి నువ్వే.”

“అంటే నా కూతురి కాపురం కూల్చి నా కొడుకుని తెచ్చుకోమంటావు.”

“నేను ఏమీ అనడం లేదు. ఉన్నది చెప్పాను.”

లేచి వెళుతూ గుమ్మంలో ఆగి సివోనా వైపు చూశాడు. “చెవిలో చెప్పే పద్ధతి దొరకి తోచింది కాదే అమ్మాయీ. నీ మొగుడే చెప్పాడట. వాళ్ల గుమాస్తా అన్నాడు.”

*

జోరమ్ సాయంత్రం సభ ముగించుకుని వచ్చాడు. గొంతు బొంగురుపోయింది. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటుంటే సివోనా కొబ్బరినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగడం అయ్యేదాకా ఆగింది.

“ఆ పద్ధతి నువ్వే అడిగావట.”

“ఏ పద్ధతి? ఓ, అదా. అడిగాను. పడవ కాలిపోయాక ఎన్నిక వాయిదా వేస్తామన్నారు. వాయిదా వేస్తే ఇంకో ఏడాది చావులు. మావాళ్లకి చదువు రాకపోతేనేం, నోరుంది కదా అన్నాను.” అతని గొంతులో గర్వం ఇంకా ఉంది. “దొర మెచ్చుకున్నాడు కూడా.”

“ఎవరి నోరు?”

అతను అర్థం కానట్టు చూశాడు. జోరమ్‌ది వైనా దీవి. పదేళ్లప్పుడు మిషన్ బడిలో చేరి అక్కడే పెరిగాడు. సంబేలో ఇన్నేళ్లున్నా ఇక్కడి ఆచారాలు అతనికి వాన వచ్చినప్పుడు గొడుగులా, అవసరమైనప్పుడే గుర్తొచ్చేవి. సివోనా చూస్తుండగానే ఆ ముఖంలో గర్వం పోయి, ఇంకేదో వచ్చింది.

“అత్తగారు,” అన్నాడు.

“అమ్మ. మావయ్య. పిన్నమ్మలు, వాళ్ల పిల్లలు. నీకు పడతాయనుకున్న ఓట్లన్నీ.”

“మా దీవిలో అయితే ఒక పందిని ఇచ్చి…”

“ఇది మీ దీవి కాదు.”

అతను కొంతసేపు ఖాళీ కొబ్బరిబోండాన్ని చేతుల్లో తిప్పాడు. తర్వాత, “అత్తగారిని ఏమీ అడగొద్దు,” అన్నాడు. “ఓడిపోతాను. పడవలు చేసుకుని బతికినవాణ్ణి, మళ్లీ చేసుకుంటాను.”

“అడిగేశాను.”

“ఎందుకడిగావు?”

“పలికితే ఏమవుతుందో తెలిసే అడిగాను. నాకు తెలియదనుకుంటున్నావా?”

జోరమ్ బోండం కింద పెట్టాడు. “అంత సులువా నీకు?”

“సులువని ఎవరన్నారు? ఓడిపోయేది నువ్వొక్కడివే అయితే అడిగేదాన్నే కాదు. మేసెక్‌కి అన్నం పెట్టి పంపింది నేను. కొండకి వెళుతున్నాడని నాకు తెలుసు. వద్దని నేను అనలేదు.”

కొండ వైపు ఎక్కడో తుపాకి మోగింది. ఒకటి, ఆగి రెండు. ఇద్దరి తలలూ అటే తిరిగాయి. సంబేలో ఇప్పుడు అందరి మెడలూ అలాగే తిరుగుతాయి.

గోడ అవతల బోయిలా దగ్గింది.

“గుంజా, ఈ ఇంటి అల్లుడికి చెప్పు. రేపు నేను ఏం చెయ్యాలో మా అన్న చెబితే వినను. దొర చెబితే వినను. చాప నా కూతురిది. అదే చెప్పాలి.”

జోరమ్ గొంతు సవరించుకున్నాడు. “గుంజా, అత్తగారికి చెప్పు. నేను ఆ చాప మీదే ముసలివాణ్ణి కావాలనుకున్నానని చెప్పు.”

గోడ అవతల నుంచి, “దుంపలు మాడిపోయాయి, చేప ఉందని చెప్పు. తినమను,” అని వినిపించింది.

తల్లి అడిగిన జవాబు సివోనా ఇవ్వలేదు. చేప తెచ్చి భర్తకి వడ్డించింది. అతను ముళ్లు ఒక పక్కకి తీసి పెట్టాడు, ఎప్పుడూ ఆమె కోసం తీసినట్టే. తిన్నది మాత్రం తక్కువ.

పక్కింటి రూతా పిన్ని నిప్పు అడగడానికి వచ్చి వాళ్ల ముఖాలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. రూతా చాప ఎప్పుడో చిరిగింది. చాప చిరిగిన ఆడది ఇక ఆ మగవాడి పేరు పలకదు. అందుకని రూతా తన పాత మొగుణ్ణి “రేవులో మనిషి” అంటుంది. ఒకసారి గాలివానలో అతని పడవ తిరగబడితే, “రేవులో మనిషి మునిగిపోతున్నాడు” అని గట్టు మీద నుంచి కేకలు పెట్టింది. రేవులో ఉన్న మగవాళ్లంతా ఎవరికి వారు తమ పడవలు చూసుకున్నారు. అతను ఈది వచ్చేశాడు గానీ, ఊరు ఆ ముచ్చట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

రూతా కూడా నవ్వుతుంది. సివోనా ఆమె ముఖాన్ని ఇవాళ మొదటిసారి పరీక్షగా చూసింది.

“ఏమిటే అలా చూస్తావు?” అంది రూతా.

“ఏం లేదు పిన్నీ. నిప్పు తీసుకెళ్లు.”

*

తెల్లవారాక బోయిలా ముఖం కడుక్కుని గుడ్డ కోసం దండెం దగ్గరికి వచ్చింది. అల్లుడు ఎదురైతే కప్పుకునే పసుపుపచ్చ గుడ్డ. గడప దాటిందంటే అది ఆవిడ భుజం మీద ఉండవలసిందే.

గుడ్డ దండెం మీదే ఉంది. నీళ్లు కారుతున్నాయి.

బోయిలా దాన్ని పట్టుకుని చూసింది. పెరట్లో సివోనా తొట్టి బోర్లిస్తోంది. మోచేతుల దాకా తడిగా ఉంది. ఎన్నిక రోజు పొద్దున్నే ఎవరూ గుడ్డలు ఉతకరు.

“నువ్వేనా ఉతికింది?”

“నేనే.”

“ఇది ఆరేసరికి మధ్యాహ్నమవుతుంది.”

“అవుతుంది,” అంది సివోనా.

తల్లి నిన్న నెట్టేసిన ఆకు విప్పి, చల్లారిన దుంప ఒకటి నిలబడే తినేసింది. తర్వాత ఆ తడిగుడ్డని అలాగే పిండి భుజం మీద వేసుకుంది. కప్పుకోవడానికి కాదు. అది లేకుండా నడవడం ఆవిడకి చేతకాదు.

ఓటు వేసేది మిషన్ బడిలో. వాకిట్లో ఇసుకబస్తాలు పేర్చి సైనికులు నిలబడ్డారు. లోపల ఒక చాప కట్టి తెర చేశారు. తెర వెనక గుమాస్తా ఉన్నాడు. వేరే దీవి నుంచి వచ్చిన బక్కపలచటి మనిషి, చెవిలో దూది లాంటి తెల్ల వెంట్రుకలు. వరస అప్పటికే వేపచెట్టు నీడ దాటి వీధిలోకి పోయింది. మొదటి చోటు మాత్రం బోయిలా కోసం వదిలారు.

గాతు నల్ల గొడుగు కింద నిలబడి అందరినీ పేరు పేరునా పలకరిస్తున్నాడు. బోయిలాని చూసి, “రండమ్మా, రండి. నా పేరు రెండే అక్షరాలు. మీకు నోరు తిరగకపోయే భయం లేదు,” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బోయిలా ఆగింది.

“గాతూ, మీ నాన్న పేరు పెట్టేటప్పుడే ఖర్చు తగ్గించుకున్నాడు నాయనా.”

ఈసారి సైనికుడు కూడా నవ్వాడు. గాతు గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

జోరమ్ అభ్యర్థులు నిలబడవలసిన చోట, మెట్ల పక్కన ఉన్నాడు. అత్తగారు వస్తుంటే అలవాటుగా తల పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకుంటూనే ఆవిడ భుజం మీద గుడ్డలోంచి నీళ్లు కారడం చూశాడు. వరసలో వెనక ఉన్న సివోనా వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

వేలికి సిరా పూసే కుర్చీ దగ్గర సైనికుడు బోయిలాని అడిగాడు, కొండవాళ్లు నరుకుతామన్నారు కదా, భయం లేదా అని.

“నరికేవాళ్లలో మావాడూ ఉన్నాడు,” అంది ఆవిడ చెయ్యి చాపి. “వాడే వస్తే బాగుండు.”

ఆవిడ తెర వెనక్కి వెళ్లింది.

తాగిరో నమలడం మానేశాడు. ముఖం కప్పుకుని వస్తే జోరమ్ ఇంకా అల్లుడే, తమ నోళ్లు మూసుకున్నట్టే. కప్పుకోకుండా వస్తే అడ్డు తొలగినట్టే. గాతుకి కూడా ఆ లెక్క తెలుసు. గొడుగు మూసి తెర వైపే చూస్తున్నాడు.

బోయిలా బయటికి వచ్చింది.

గుడ్డ భుజం మీదే ఉంది. ఆవిడ మెట్లు దిగి, అల్లుడికి ఎదురుగా వచ్చి, సిరా అంటిన వేలు చీరకి తుడుచుకోకుండా పైకే పట్టుకుని ఆగింది. ఇన్నేళ్లుగా ఒకే వాకిట్లో తిరిగిన ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

“జోరమ్ కెవా,” అంది బోయిలా అందరికీ వినపడేలా. “నా కొడుకుని తీసుకురా.”

జోరమ్ పెదవులు కదిలాయి. జవాబు చెప్పడానికి అక్కడ గుంజ లేదు. అతను తల మాత్రం ఊపాడు.

ఆవిడ వెళ్లిపోయింది. వెనక నుంచి తాగిరో వక్క ఉమ్మేసి తెర వెనక్కి వెళ్లాడు. అతని తర్వాత అతని కొడుకులు, కోడళ్లు, రూతా. తెర వెనక నుంచి వచ్చిన ప్రతివాళ్లూ జోరమ్‌ని నేరుగా చూసి, కొత్త మనిషిని చూసినట్టు ఒకసారి తేరిపార చూసి వెళ్లారు. గాతు మనుషులు గొణుక్కోవడం మొదలుపెట్టారు.

వరస జరుగుతూ జరుగుతూ సివోనా దగ్గరికి వచ్చింది. చాప చిరిగితే పరాయి దీవి మగవాడు పొద్దుగుంకేలోగా పడవ ఎక్కాలి. అతని పడవలో తెడ్డు ఉందో లేదో, నీళ్ల కుండ నింపారో లేదో ఆమెకి తెలియదు. ఇవాళ్టి నుంచి ఆ సంగతి ఆమెది కాదు.

వేలికి సిరా పూశారు. ఆమె చాప పక్కకి తప్పించి లోపలికి వెళ్లింది.

గుమాస్తా విసుగ్గా చెవి ముందుకి వంచాడు. పొద్దుటి నుంచీ అందరూ ఒకే పేరు చెబుతున్నారు. “ఊఁ, చెప్పమ్మా.”

సివోనా నోరు తెరిచింది.

నిన్నటిదాకా వంశంలో ఆ పేరు పలకగలిగింది ఆమె ఒక్కతే. పడవ రేవుకి చేరినప్పుడు పిలిచిన పేరు, జ్వరంలో పలవరించిన పేరు. ఇప్పుడు ఊరంతటికీ ఆ నోరు వచ్చింది. పలకకూడనిది ఆమె ఒక్కతే. పలికితే ఆమె దృష్టిలో చాప ఇంకా చిరగనట్టు. చాప చిరగకపోతే, అమ్మా, మావయ్యా, బయట సిరా వేళ్లతో నిలబడ్డ వాళ్లంతా అల్లుడి పేరు పలికినవాళ్లు. వినేది ఒక్క చెవి. ఎవరికి తెలుస్తుంది?

“గాతు పేరు రాసుకోనా?” అన్నాడు గుమాస్తా, ఆ మాట తను అనకూడదని మరిచిపోయి.

“వద్దు,” అంది సివోనా.

“మరి ఎవరి పేరు?”

చాప సందులోంచి మెట్ల పక్కన అతని భుజం కనిపిస్తోంది. ఆమె గుమాస్తా చెవి దగ్గరికి వంగింది.